వాగు గొంతులో పునాదిరాళ్లు

ఏం చూశావో చెప్పు.

వరద చూశానని మాత్రం అనకు. వరద అందరూ చూశారు. గుడ్లగూబ కూడా పట్టపగలు కళ్లు తెరిచి చూసింది. వాన కురవడం, వాగు పొంగడం, పల్లం మునగడం ఏటేటా చూస్తూనే ఉన్నాం. అది చూపు కాదు, అలవాటు. నేనడిగేది వాన రాకముందు సంగతి. మండుటెండలో, ఇసుకలో, పందిరి కింద నిలబడి ఏం చూశావు? నువ్వూ అక్కడే ఉన్నావు గదా.

చెప్పవు. సరే, నేనే చెబుతాను. తప్పుంటే మధ్యలో ఆపు.

ఒక పెద్ద అడవిలో బుసలవాగు అని ఒక వాగు ఉండేది. ఎండాకాలం ఒట్టి ఇసుక, వానాకాలం ఒట్టి నురగ. ఎగువ కొండల్లో కురిసిన నీళ్లన్నీ పోగుచేసుకుని దిగివచ్చి, పల్లం అనే చోట కాసేపు ఒళ్లు విరుచుకునేది. అక్కడి నుంచి రెండు పెద్ద బండల మధ్య ఉన్న ఇరుకు సందులోంచి దూరి, దిగువన పెద్దయేట్లో కలిసేది. ఆ సందును అడవిలో అందరూ వాగు గొంతు అనేవారు.

పల్లంలో చిన్న ప్రాణులు కాపురం ఉండేవి. ముళ్లపందులు, ముంగిసలు, కుందేళ్లు, ఉడుములు. పల్లం పక్కనే సభగుట్ట. గుట్ట మీద పెద్ద జంతువులు ఉండేవి. పల్లంవాళ్లు తల ఎత్తితే గుట్ట కనబడేది. గుట్టవాళ్లు తల దించితే పల్లం కనబడేది. కాని తల దించడం పెద్దవాళ్లకు కష్టం, మెడలు లావు.

పూర్వమూ వరద వచ్చేది. రాకపోతే అది వాగెందుకవుతుంది? కాని వచ్చిన నీళ్లు గొంతులోంచి గటగటా దిగిపోయేవి. పొద్దున ఎక్కిన నీళ్లు పొద్దువాలేసరికి దిగేవి. పిల్లల్ని నోట కరుచుకుని గట్టెక్కి, మళ్లీ దిగివచ్చి, బొరియలో బురద తోడుకుంటే సరిపోయేది. ముసలి ముంగిసలు దాన్ని వరద అనేవే కావు. "వాగు చుట్టపుచూపుగా వచ్చి పోయింది" అనేవి.

అలాంటి అడవికి ఒక ఏడు ఎలుగుబంటి భల్లయ్య పెద్దగా ఎన్నికయ్యాడు. ఎన్నికల ముందు ఆయనకు పల్లం మీద ప్రేమ పుట్టింది. అందరికీ పుట్టేదే. ఈయనకు ఎన్నికల తర్వాత కూడా కాస్త మిగిలిపోయింది. అదే వచ్చిన చిక్కు.

"పల్లం చుట్టూ కరకట్ట కట్టిస్తానని మాటిచ్చాను. కట్టిద్దాం" అన్నాడు సభలో.

సభకు కార్యదర్శి నక్క జిత్తప్ప. నాలుగు పాలనలు చూసినవాడు. "కట్టడం తర్వాత సంగతి అయ్యగారూ. ముందు శంకుస్థాపన" అన్నాడు.

"ఎక్కడ చేద్దాం?"

కట్ట రావలసిన చోటంతా ముళ్లపొదలు. నడవడానికి దారి లేదు, నిలబడడానికి నీడ లేదు. అదే వాగు గొంతులో అయితే ఎండాకాలం మెత్తటి ఇసుక, రెండు పక్కలా బండల నీడ, ఎంతమంది వచ్చినా చోటుంటుంది.

"గొంతులో చేద్దాం. జనానికి సౌకర్యం" అన్నాడు జిత్తప్ప.

"కట్ట వచ్చేది అక్కడ కాదు గదా?"

"రాయికీ కట్టకీ ఏం సంబంధం అయ్యగారూ?"

భల్లయ్య నీళ్ల సంగతులు చదువుకున్న కొంగ ధవళేశం వైపు తిరిగాడు. ధవళేశం ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూసుకుని ఉండేవాడు. లోకం దాన్ని ఆలోచన అనుకునేది, చేపలకు మాత్రం నిజం తెలుసు.

"నువ్వేమంటావయ్యా?"

"పరిశీలించవలసిన విషయమే" అన్నాడు ధవళేశం. జిత్తప్ప దాన్ని అంగీకారం అని రాయించుకున్నాడు.

శంకుస్థాపన ఘనంగా జరిగింది. రాళ్లు మోయడం ఏనుగు ఐరావయ్య ఉద్యోగం. మంచివాడు. తెమ్మన్నది తెచ్చేవాడు, వేయమన్నచోట వేసేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. రాయి దించాక భల్లయ్య ఎర్రమట్టిలో అరికాలు ముంచి దాని మీద ముద్ర వేశాడు. కొండముచ్చులు డప్పులు కొట్టాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ తలా ఒక ఇప్పపువ్వు ఉండ పంచిపెట్టాయి.

ఈ ఉండ గురించి నీకు చెప్పనక్కర్లేదు. ఎండిన ఇప్పపువ్వు దంచి, తేనెతో పిసికి కట్టిన ఉండ. నోట్లో వేసుకుంటే పళ్లకు అతుక్కుని ఒక పట్టాన కరగదు. కరిగేదాకా మాట పెగలదు. ఉపన్యాసం మొదలయ్యే ముందే పంచాలని జిత్తప్ప పెట్టిన ఏర్పాటు.

కట్టకు మట్టి ఎత్తడానికి మంచి రోజు చూస్తూ కూర్చున్నారు. మంచి రోజుకంటే ముందు వాన వచ్చింది. గొంతులో రాయి అడ్డం. ఆ ఏడు పొద్దున ఎక్కిన నీళ్లు మర్నాటి పొద్దుకు గాని దిగలేదు.

భల్లయ్య గుట్ట అంచున నిలబడి కింద మోకాలి లోతు నీళ్లలో ఉన్న జనాన్ని ఓదార్చాడు. "రాయి పడ్డ ఏడే ఇంత వరద వచ్చిందంటే, ఆ రాయి కూడా లేకపోతే ఎంత వచ్చి ఉండేదో ఒక్కసారి ఆలోచించండి."

జనం ఆలోచించి, ఒళ్లు జలదరించి, చప్పట్లు కొట్టారు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. దుమ్ములగొండి గొండయ్య గెలిచాడు. ఏం మాట్లాడినా చివర నవ్వుతాడు, అది వాళ్ల వంశంలోనే ఉంది. "భల్లయ్య వేసింది నల్లరాయి. వాగు దాన్ని లెక్కచేయలేదు. నేను తెల్లరాయి వేస్తాను" అని నవ్వాడు.

"పాతది తీసేసి ఆ చోటే వేయమంటారా?" అని అడిగాడు ఐరావయ్య.

ముహూర్తాలు పెట్టే పెద్ద కొండముచ్చు చెవులు మూసుకుంది. "పెద్దలు వేసిన పునాదిరాయి కదిలిస్తే అరిష్టం. పక్కన వేసుకోవాలి. పాతదానికంటే ఒక జానెడు పెద్దది వేయాలి, లేకపోతే కొత్తవాళ్లకు చిన్నతనం."

అది ఆచారమైంది. ఆచారమంటే తెలుసు గదా, మొదటివాడు పొరపాటున చేసింది రెండోవాడు మానుకోలేకపోవడం.

అప్పటి నుంచి భల్లయ్య గెలిచినప్పుడు భల్లయ్య వేశాడు, గొండయ్య గెలిచినప్పుడు గొండయ్య వేశాడు. అడవిపందులు తమ తాతగారి పేరున ఒకటి వేయించుకున్నాయి. మరి మేము మనుషులం కామా అన్నట్టు దుప్పులు అలిగితే వాటికొకటి పడింది. ప్రతి రాయీ కరకట్టకే. కరకట్ట మాత్రం ముళ్లపొదల్లోనే ఉండిపోయింది. గొంతేమో పళ్లు మొలిచిన నోరులా తయారైంది. నీళ్లు ఎక్కినంత సులువుగా దిగడం మరిచిపోయాయి.

నీళ్లు నిలిచిన ఏడల్లా గుట్టవాళ్లు దుంపలు తెచ్చి పంచేవారు. చిలుకలు ఆ సంగతి అడవంతా చాటేవి. దుంప అందుకునేవాడు పైకి చూడాలని, చూస్తూ కళ్లు తుడుచుకోవాలని కూడా ఆచారం ఏర్పడింది. పల్లంవాళ్లు అదీ నేర్చుకున్నారు.

పల్లం గట్టున ఒక బొరియలో ఏదులమ్మ అనే ముళ్లపంది ఉండేది. నోరు కూడా ముళ్లే. క్రితం వానాకాలం ఆమె ముగ్గురు పిల్లల్లో ఒకణ్ణి నీళ్లు పట్టుకుపోయాయి. ఇద్దరిని ఒక్కొక్కరిగా నోట కరుచుకుని గట్టుకు చేర్చి, మూడోవాడి కోసం తిరిగొచ్చేసరికి బొరియ నోరు కనబడలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేది.

ఎండాకాలం సగానికి రాగానే ఆమె మిగిలిన ఇద్దరినీ పొరుగింటి ముంగిసకు అప్పజెప్పి సభగుట్ట ఎక్కింది. అప్పుడు భల్లయ్య పాలన నడుస్తోంది.

"రా ఏదులమ్మా. పోయినవాడి తాలూకు పరిహారం అందిందా?" అన్నాడు భల్లయ్య.

"అందింది. ఒక దుంప. మిగిలిన ఇద్దరూ తిన్నారు. ఇంకో దుంప నాకొద్దు దొరా. వాన రాకముందే గొంతులో రాళ్లు తీయించండి."

ఈ మాట చాటాలా వద్దా అని చిలుకలు జిత్తప్ప వైపు చూశాయి.

ఆమె చెప్పింది కొత్త సంగతేమీ కాదు. ఎండ్రకాయకు తెలుసు, కప్పకు తెలుసు. రాయి వెనక మడుగు కట్టినచోటే చేపలు బాగా దొరుకుతున్నాయి గనక ధవళేశానికి ఇంకా బాగా తెలుసు. తెలియనివాడు ఆ అడవిలో లేడు. పైకి అన్నవాడే లేడు.

"ఎవరి రాళ్లు?" అని నవ్వాడు గొండయ్య.

"ఎవరివైతేనేం బాబూ? నీళ్లకు చదువొచ్చా, ముద్ర చూసి పక్కకు తప్పుకోడానికి?"

ధవళేశం కాలు మార్చాడు. "రాళ్ల వల్లే నీళ్లు నిలుస్తున్నాయనడానికి ఇంకా తగిన ఆధారం..."

"నీ గొంతులో చేపముల్లు అడ్డం పడితే ఆధారం అడుగుతావా నాయనా, దగ్గుతావా?"

వెనక బండల మీద అడవిపందులు కిసుక్కుమన్నాయి. ధవళేశం కళ్లు పూర్తిగా మూసుకున్నాడు.

భల్లయ్య ఒళ్లు గోక్కున్నాడు. ఆయనకు ఏదులమ్మ అంటే జాలి లేకపోలేదు. "తీయొచ్చు. గొండయ్య వేసిన తెల్లవాటితో మొదలుపెడదాం. చివర వేసినవి ముందు తీయాలి గదా."

"ముందు వేసినవి ముందు తీయాలి. పాపం ఎవడు మొదలుపెట్టాడో వాడితోనే మొదలవ్వాలి" అన్నాడు గొండయ్య.

"మా తాతగారి రాయి మాత్రం ముట్టుకోకండి. అది చిన్నది" అన్నాయి పందులు.

"మాదింకా చిన్నది" అన్నాయి దుప్పులు.

అలా పొద్దు నెత్తికెక్కేదాకా అరుచుకున్నారు. ఏదులమ్మ కదల్లేదు. ముళ్లు సగం లేపి సభ వాకిట్లో అడ్డంగా కూర్చుంది. భోజనానికి లేవాలంటే ఆమెను దాటిపోవాలి. ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆకలి ముదిరేకొద్దీ అభిప్రాయభేదాలు తగ్గాయి. చివరికి జిత్తప్ప లేచాడు.

"ఒకటి ముందు, ఒకటి వెనక ఎందుకు? అన్నీ ఒక్కసారే తీసేద్దాం. ఎవరికీ చిన్నతనం ఉండదు. దీనికి గొంతు విడుదల పథకం అని పేరు పెడదాం."

ఏకగ్రీవం అన్నారు. ఏదులమ్మ పక్కకు జరిగింది. అందరూ భోజనాలకు పరిగెత్తారు.

ఆ సాయంత్రం పల్లంలో పండగ. కుందేళ్లు ఎగిరాయి. ఏదులమ్మ బొరియ నోటి దగ్గర కొత్త మట్టి మెత్తి, లోపల ఎండుగడ్డి పరిచింది. "ఈ ఏడు ఇక్కడే ఉంటామా అమ్మా?" అని చిన్నది అడిగితే, "ఇక్కడే. ఎక్కడికీ పోయే పని లేదు" అంది. ఆ మాట అంటూ ఆమె నవ్వడం చూసి పిల్లలు కొంచెం భయపడ్డారు. చాలాకాలమైంది చూసి.

మర్నాడు చిలుకలొచ్చాయి. "గొంతు విడుదల పథకానికి వచ్చే పున్నమినాడు వాగు గొంతులో శంకుస్థాపన. అందరూ ఆహ్వానితులే. ఈసారి ఇప్పపువ్వు ఉండలో సారపప్పు కూడా వేస్తున్నారు."

ఏదులమ్మ గుట్ట మీదికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు.

"తీసే పనికి వేయడమేమిటయ్యా?"

"పద్ధతమ్మా" అన్నాడు జిత్తప్ప ఓపిగ్గా. "శంకుస్థాపన లేకుండా చేసింది సర్కారు పని కాదు, దొంగపని అవుతుంది."

"అయితే ఇక్కడ గుట్ట మీద వేసుకోండి."

"పని ఎక్కడో రాయి అక్కడే ఉండాలి తల్లీ. ఆనాడు ఆ మాట పాటించలేదనే గదా కరకట్ట రాలేదు."

ఏదులమ్మ నోరు తెరిచింది. ఇప్పపువ్వు ఉండ లేకుండానే ఆమె నోరు అతుక్కుపోయిన ఘడియ అదొక్కటే.

పథకం అందరిదీ గనక రాయి మీద అందరి ముద్రలూ పట్టాలి. పట్టాలంటే రాయి చాలా పెద్దది కావాలి. అడవంతా వెతికితే అంత రాయి ఒక్కచోటే దొరికింది. సభగుట్ట పాదం దగ్గర.

ఐరావయ్య తొండంతో తడిమి చూసి మొదటిసారి సందేహించాడు. "అయ్యా, ఇది గుట్ట ఆనుకున్న రాయి. తీస్తే పైనుంచి..."

"నీ పనేమిటి ఐరావయ్యా?"

"మోయడం."

"మరి?"

"అవును. మోయడమే" అని ఆయన రాయి పెకలించాడు. గుట్ట పాదంలో పెద్ద గొయ్యి పడింది. అందులోకి కొంచెం మట్టి జారింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ముహూర్తం దగ్గరపడుతోంది.

ఇక ఆ రోజు సంగతి. నువ్వున్న రోజు.

గొంతులో పాతరాళ్ల మధ్య మిగిలిన సందు మీద పందిరి వేశారు. నీళ్లు పోవడానికి మిగిలిన సందు అదొక్కటే. భల్లయ్య, గొండయ్య పక్కపక్కన కూర్చుని ఒకే ఆకుతో విసురుకున్నారు. కొండముచ్చులు డప్పులు కొట్టి, ఉండలు పంచాయి. సారపప్పు నిజంగానే వేశారు.

ఐరావయ్య రాయి ఎత్తాడు. అప్పుడు ఏదులమ్మ జనం ముందుకొచ్చింది.

"చూడండి. అది పడితే ఇక సందు లేదు. ఈ ఏడు నీళ్లు దిగే దారి లేదు. నా ఒక్కదాని మాట వాళ్లు వినరు. మీరు ఒక్కసారి 'వద్దు' అనండి. ఎవరైనా ఒక్కరు అనండి."

జనం ఆమె వైపు జాలిగా చూశారు. తలలు ఊపారు. ముంగిస ఏదో అనబోయి, మునిపళ్లు విడదీయలేక, చేత్తో 'ఒక్క నిమిషం' అని సైగ చేసింది. కుందేళ్లు దవడలు ఆడించాయి. ఏదులమ్మ తన పిల్లల వైపు చూసింది. ఇద్దరి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

రాయి పడింది. ఇసుక ఎగిరింది. అందరి ముద్రలూ వేశారు. అప్పటికి ఉండలు కరిగాయి. అందరూ ఒక్కసారే, "అయ్యో, అది పడకుండా ఉండాల్సింది" అనుకుంటూ ఇళ్లకు వెళ్లారు.

వాన వచ్చింది.

ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా కురిసింది. తెల్లారేసరికి బుసలవాగు దిగివచ్చి, పల్లంలో ఒళ్లు విరుచుకుని, గొంతు దగ్గరికి పోయింది. దారి లేదు. వెనక్కి తిరిగింది.

ఏదులమ్మ పిల్లలిద్దరినీ వీపు మీద ముళ్ల మధ్య సర్దుకుని, ఈదుతూ గుట్ట కిందికి చేరింది. దారికి అడ్డంగా రేచుకుక్కలు కాపలా ఉన్నాయి.

"ఎక్కడికత్తా?"

"పైకి. పిల్లలున్నారు."

"కుదరదత్తా. గుట్ట ముంపు ప్రాంతం కాదు. ముంపువాళ్లు ముంపులోనే ఉండాలి. నువ్వు పైకొస్తే రేపు దుంపలు ఎక్కడికి తెచ్చి ఇవ్వాలి?"

ఆమె వాదించలేదు. వాదించే టైము కాదు. నీళ్లకు అడ్డంపడి మళ్లీ ఈదింది. మిగతావాళ్లు తేలుతున్న దుంగలెక్కారు. ఆమెకు ఎక్కడానికి మిగిలింది ఇక వాగు గొంతు పెద్దబండల పక్కనున్న ఇంకో బండ ఒక్కటే. పిల్లల్ని దాని మీదికి ఎక్కించింది. బండ చిన్నది. నీళ్లు దాని నడుము దాకా వచ్చేశాయి.

"తమ్ముడు పోయినట్టే పోతామా అమ్మా?" అంది చిన్నది.

"నోరుముయ్" అంది ఏదులమ్మ. ఇద్దరినీ బండ మధ్యకు నెట్టింది.

అప్పుడే వెనక నుంచి ఉరుములాంటి చప్పుడైంది. ఉరుము కాదు, సభగుట్ట. పాదం దగ్గర గోతిలోకి నీళ్లు దూరి, ఆనిక లేని మట్టంతా జారిపోయింది. సభ కూర్చునే బండలు, కూర్చున్న పెద్దలతో సహా, దర్జాగా కిందికి దిగి నీళ్లలో పడ్డాయి. పల్లంవాళ్లు తల ఎత్తకుండా గుట్టవాళ్లను చూడడం అదే మొదలు.

ఐరావయ్యకు ఆ నీళ్లు పొట్టదాకానే. భల్లయ్య ఆయన వీపెక్కాడు. గొండయ్య, జిత్తప్ప కూడా ఎక్కారు. ధవళేశం ఎగిరి తల మీద వాలి, కాలు ముడిచాడు. రేచుకుక్కలు తోక పట్టుకున్నాయి. ప్రవాహం తోస్తుంటే ఐరావయ్య వచ్చి వచ్చి గొంతులో ఆ పెద్దరాయికి నుదురు ఆనించి నిలదొక్కుకున్నాడు. రాయి కొంచెం కదిలింది. కింద ఇసుక కోసుకుపోయి అది అప్పటికే ఊగుతోంది.

ఏదులమ్మ బండ మీద నుంచి చూసింది.

"ఐరావయ్య మామా, ఆనిన తలతోనే ఇంకాస్త తొయ్యి. పడిపోతుంది."

"పడుతుందమ్మా. నాకూ తెలుస్తోంది. కాని ఆర్డరు లేదు."

"దొరా, ఆర్డరివ్వు" అని ఆమె భల్లయ్యను అడిగింది.

"ఇస్తాను. తీర్మానం ఒకటి కావాలి. ఏకగ్రీవంగా వేసిన రాయి, నేనొక్కణ్ణే తీయమంటే..."

"నేను ఒప్పుకోను. ముందు ఆయన రాయి పడాలి" అని నవ్వాడు గొండయ్య. నీళ్లు మింగినందువల్ల ఆ నవ్వు గురగురలాడింది.

"అసలు సభకు తగినంత మంది ఉన్నారా?" అన్నాడు జిత్తప్ప. "కుక్కలను లెక్కలోకి తీసుకోవచ్చా అనేది..."

"పరిశీలించాలి" అన్నాడు ధవళేశం.

నీళ్లు బండ మీదికి ఎక్కాయి. చిన్నదాని కాళ్లు తడిశాయి. పెద్దవాడు చెల్లెలి మెడ కరిచి పట్టుకున్నాడు.

ముళ్లపంది ఎలా పోట్లాడుతుందో తెలుసా? ఎదురుగా రాదు. వీపు తిప్పి, ముళ్లన్నీ నిక్కబొడిచి, వెనక్కి పరిగెత్తుతుంది. ఏదులమ్మ పిల్లల వైపు ముఖం పెట్టి, ఐరావయ్య వైపు వీపు పెట్టి, బండ మీద ఉన్న నాలుగడుగుల చోటులోనే వెనక్కి ఉరికి, ఆయన పిరుదుల మీద పడింది.

ఐరావయ్య పెట్టిన ఘీంకారం ఎగువ కొండలకు తగిలి తిరిగొచ్చింది. ఆర్డరు సంగతి ఆయనకు గుర్తురాలేదు. ఒక్క తోపుతో పెద్దరాయి దొర్లింది. అది తెల్లరాళ్ల మీద, తెల్లరాళ్లు నల్లరాళ్ల మీద, అవి పందుల తాతగారి మీద, దుప్పుల రాయి మీద పడి, అన్నీ కలిసి గొంతులోంచి ఊడిపడ్డాయి. వాటి వెనక నీళ్లు, నీళ్లతో ఐరావయ్య, ఐరావయ్య వీపు మీద యావత్తు ప్రభుత్వం పెద్దయేటి వైపు బయలుదేరారు. ఏదులమ్మ ముందుకాళ్లతో బండ అంచు పట్టుకుని వేలాడింది. పెద్దవాడు చెల్లెల్ని వదిలి తల్లి చెవి కరిచి పట్టుకున్నాడు. ఆ చెవికి ఇప్పటికీ గాటుంది.

పొద్దువాలేసరికి నీళ్లు దిగాయి. పూర్వంలాగే.

ఏదులమ్మ పిల్లలిద్దరినీ బురదలో నిలబెట్టి, నాకి నాకి, ఇద్దరూ ఉన్నారని తేల్చుకుంది. మళ్లీ నాకింది.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది. కాని ప్రభుత్వాలు మునగవు నాయనా, తేలతాయి. బురద ఆరకముందే అందరూ పెద్దయేటి ఒడ్డు నుంచి నడిచి తిరిగొచ్చారు. వాళ్లకంటే ముందు చిలుకలొచ్చాయి. "గొంతు విడుదల పథకం గడువుకు ముందే పూర్తి. పెద్దలు స్వయంగా నీళ్లలోకి దిగి రాళ్లు తొలగించారు."

సభ ఇప్పుడు ఇసుకలోనే కూర్చుంది, గుట్ట లేదు గనక. గొండయ్య ఏదులమ్మను శిక్షించాలన్నాడు. పెద్దల రాళ్లు పడదోసింది, ఉద్యోగంలో ఉన్న ఏనుగును వెనక నుంచి పొడిచింది. భల్లయ్య సన్మానించాలన్నాడు. వచ్చేవి ఎన్నికలు, పల్లంలో ఓట్లు ఎక్కువ. ఎప్పటిలాగే జిత్తప్ప దారి చూపించాడు. శిక్ష రద్దు చేసి, సన్మానం చేద్దాం.

"ఏం సన్మానం?"

"ఆమె గెలిచిన చోటే, ఆమె పేరున, ఒక శిల."

పందిరి వేశారు. నల్లది కాదు, తెల్లది కాదు, ఎర్రరాయి తెచ్చారు. పాతవాటన్నిటికంటే జానెడు పెద్దది. ఇప్పపువ్వు ఉండలు పంచారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఏదులమ్మ వచ్చింది. కొండముచ్చు ఆమె పిల్లలకు ఉండలివ్వబోతే ముళ్లు లేపింది. కొండముచ్చు వెనక్కి తగ్గింది. ఆమె తిన్నగా నడిచి, రాయి కోసం తవ్విన గోతిలో దిగి, పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా పేరున వేస్తున్నారు గదా. నా మీదే వేయండి" అంది.

డప్పులు ఆగాయి. భల్లయ్య, గొండయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వేయమని ఎవరూ అనలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఐరావయ్య రాయి తొండంతో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. గోతిలోకి ఒకసారి చూశాడు. తన వెనక్కి ఒకసారి చూసుకున్నాడు, అక్కడ ముళ్లు రెండు మూడు ఇంకా ఊడలేదు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"నాకు తొండం లాగుతోంది. ఎవరో ఒకరు వద్దంటే చాలు, పక్కన పెట్టేస్తాను" అన్నాడు మెల్లగా.

నీతి కావాలా? ఇదిగో. పునాదిరాయి వేసినచోట కట్ట లేవదు గాని, నీళ్లు తప్పకుండా లేస్తాయి.

నీతి తీసుకుని వెళ్లిపోకు. రాయి ఇంకా గాలిలోనే ఉంది. ఆమె ఇంకా గోతిలోనే ఉంది. ఐరావయ్య చూస్తున్నది నీ వైపే. నువ్వు పెదవి విప్పడం లేదు.

నీ నోట్లో ఏముంది?